మాజ్దా మియాటా: కొనే ముందు చూసుకోవలసినవి, కొన్నాక చేసుకోవలసినవి

రెండే సీట్లు, చేత్తో మడిచే గుడ్డ టాపు, చేతి గేర్లు, వెనుక చక్రాలను తిప్పే ఇంజను. ఈ నాలుగూ కలిసి మామూలు ఉద్యోగి జీతానికి అందే ధరలో దొరికే కారు నేడు అమెరికాలో దాదాపు ఒక్కటే మిగిలింది, అది మాజ్దా ఎంఎక్స్-5 మియాటా. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి ప్రదర్శించిన ఈ కారు 2016 ఏప్రిల్ నాటికి పది లక్షల మైలురాయిని దాటింది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అత్యధికంగా అమ్ముడైనదిగా గిన్నిస్ రికార్డు కూడా దీనిదే. మాజ్దా కార్లు భారతదేశంలో అమ్మకానికి రాకపోవడం వల్ల మన ఊళ్లలో ఆ పేరు వింటే స్వరాజ్ మాజ్దా వ్యానులే గుర్తుకు వస్తాయి. నేను కొన్న సంగతి ఫోనులో చెప్పినప్పుడు మా నాన్నగారు కాసేపు ఊరుకుని, "స్కూలు పిల్లల్ని తోలే బండి కంపెనీ కదరా అది, అందులో స్పోర్ట్స్ కారేమిట్రా?" అని అడిగారు.

నేను ఉత్తర వర్జీనియాలో ఉంటూ తొమ్మిదేళ్లుగా 2003 మోడల్ మియాటాను నడుపుతున్నాను. కొందామనుకునేవారు సాధారణంగా నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇంజను గురించి, రెండవది వేగం గురించి. ఈ రెండూ తరువాత చూసుకోవలసిన విషయాలు. ఈ కారుకు అసలు శత్రువు నీరు. సమయానికి నూనె మారుస్తూ ఉంటే లక్షన్నర మైళ్లు దాటినా ఇంజను మొరాయించదు కానీ, టాపు మీద పడిన వాన ఎటు పోతున్నదో పట్టించుకోని యజమాని చేతిలో అదే కారు కొన్నేళ్లలో కిందినుంచి తుప్పు పట్టి, అమ్మబోతే తుక్కు ధర కూడా పలకని స్థితికి వస్తుంది. అందుచేత ఇందులో నీటి గురించి ఎక్కువగానూ, హార్స్‌పవర్ గురించి తక్కువగానూ చెబుతున్నాను.

ఏ తరం కారు తీసుకోవాలి

మియాటాలు ఇప్పటివరకు నాలుగు తరాలుగా వచ్చాయి. వాటిని అభిమానులు ఎన్‌ఏ, ఎన్‌బీ, ఎన్‌సీ, ఎన్‌డీ అని పిలుచుకుంటారు. అమెరికాలో 1990 నుంచి 1997 వరకు అమ్మిన ఎన్‌ఏకు పైకి లేచే హెడ్‌లైట్లు ఉంటాయి. తొలి కార్లలో 1.6 లీటర్ల ఇంజను 116 హార్స్‌పవర్ ఇచ్చేది, 1994 నుంచి 1.8 లీటర్ల ఇంజను వచ్చింది. 1999 నుంచి 2005 వరకు వచ్చిన ఎన్‌బీలో లేచే లైట్లు పోయి, వెనుక ప్లాస్టిక్ కిటికీ బదులు వేడి తీగలున్న గాజు వచ్చింది. 2006 నుంచి 2015 వరకు వచ్చిన ఎన్‌సీ కొంచెం పెద్దది, లోపల కొంచెం విశాలం, ఇంజను 2 లీటర్లు. 2016 మోడల్‌తో మొదలైన ఎన్‌డీ మళ్లీ చిన్నదైంది. మొదట 155 హార్స్‌పవర్ ఇచ్చిన దాని ఇంజను 2019 మోడల్ నుంచి 181 ఇస్తున్నది.

ఈ అంకెలను క్యామ్రీ వంటి సెడాన్ల అంకెల పక్కన పెట్టి చూస్తే నవ్వు రావచ్చు. కానీ తొలి మియాటా బరువు సుమారు 980 కిలోలు, ఇప్పటిది సుమారు 1,060 కిలోలు, క్యామ్రీ దాదాపు 1,500 కిలోలు. బరువు తగ్గితే కారు త్వరగా ఆగుతుంది, త్వరగా మలుపు తిరుగుతుంది, టైర్లూ బ్రేకులూ తక్కువ అరుగుతాయి. ఈ కారును రూపొందించిన బృందానికి నాయకుడైన తోషిహికో హిరాయ్ తనవారి ముందు ఉంచిన మాట "జింబా ఇత్తాయ్", అంటే గుర్రమూ రౌతూ ఒక్కటై పోవడం. రౌతు కొద్దీ గుర్రం అని మనవాళ్లు అనేదానికి కూడా ఈ కారు చక్కగా సరిపోతుంది, ఎందుకంటే ఇందులో నడిపేవాడి తొందరపాటూ, నేర్పూ రెండూ దాచుకోవడానికి వీలులేనంత స్పష్టంగా బయటపడతాయి.

మొదటిసారి కొనేవారికి నా సలహా ఎన్‌సీ లేదా ఎన్‌డీ. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి, హైవే మీద ట్రక్కుల మధ్య సాగడానికి ఆ రెండే అనుకూలం. స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారబోతే తానే బ్రేకులు సర్దే ఏర్పాటు) కావాలంటే 2012 మోడల్ నుంచి వచ్చినవి చూసుకోండి, ఆ మోడల్ ఏడాది నుంచి అమెరికాలో అన్ని కార్లకూ అది తప్పనిసరి. ఎన్‌సీలో 2007 మోడల్ నుంచి మీట నొక్కితే మడుచుకునే గట్టి టాపు కూడా దొరికేది, దానివల్ల డిక్కీ చోటు ఏమీ తగ్గదు. ఎన్‌ఏ మీద మనసు పడినవారిని ఆపలేం, ఆపనవసరమూ లేదు, కాకపోతే సొంతంగా స్పానర్ పట్టుకోవడం ఇష్టమైతేనే దాని జోలికి వెళ్లాలి. ఆరడుగులు దాటిన పొడగరులు ఏ తరమైనా ముందు టాపు మూసి ఒక గంట నడిపి చూడకుండా బేరం మొదలుపెట్టకూడదు.

చూడటానికి వెళ్లినప్పుడు

వెళ్లేటప్పుడు టార్చిలైటు, మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, పడుకోవడానికి పాత దుప్పటి, అరలీటరు నీళ్ల సీసా తీసుకువెళ్లండి. వీలైతే ముందురోజు వాన పడి ఉన్నప్పుడే వెళ్లండి.

మొదట తలుపు తెరిచి, సీట్లను పూర్తిగా ముందుకు జరిపి, సీటు వెనుక కార్పెట్‌ను అరచేత్తో గట్టిగా అదమండి. పైన పొడిగా కనిపించినా కింద ఉన్న స్పాంజి తడిగా ఉండవచ్చు, కాబట్టి ఊరికే తాకితే తెలియదు. ముక్కబారిన బియ్యపు బస్తా వాసన వంటిది తగిలితే ఆ కారులో నీరు చాలాకాలంగా నిలుస్తున్నట్టే లెక్క. అమ్మేవాడు సుగంధం వెదజల్లే చెట్టుబొమ్మలు రెండు మూడు వేలాడదీసి ఉంటే మరింత జాగ్రత్తగా అదమండి.

తరువాత దుప్పటి పరిచి వెనుక చక్రానికి సరిగ్గా ముందు, తలుపు కింద ఉండే రేకు చివరిభాగాన్ని చూడండి. ఎన్‌ఏలోనూ ఎన్‌బీలోనూ తుప్పు ముందుగా పట్టేది ఇక్కడే. టాపు మీది నీరు గొట్టాల ద్వారా దిగి ఈ చోటుకు దగ్గరలోనే బయటికి పోవాలి, గొట్టం మూసుకుపోతే ఆ నీరు రేకు లోపలే నిలుస్తుంది. రంగు పొక్కులు పొక్కులుగా లేచి ఉంటే లోపలి పొర అప్పటికే పోయిందని అర్థం, ఎందుకంటే ఇది లోపలినుంచి బయటికి తినే తుప్పు. ఈ మధ్యనే రంగు వేసి నున్నగా ఉంటే గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని పెట్టి చూడండి. పట్టు ఉన్నట్టుండి సడలితే అక్కడ ఇనుము బదులు పుట్టీ ఉన్నది. ఈ పరీక్ష ఇనుప రేకు ఉన్న చోట్ల మాత్రమే పనికివస్తుంది, ఎందుకంటే ఎన్‌ఏ బానెట్, ఎన్‌డీ బానెట్, డిక్కీ మూత, ముందు ఫెండర్లు అల్యూమినియంతో చేసినవి, వాటికి అయస్కాంతం ఎలాగూ అంటదు.

ఎన్‌బీ కొనేవారు ముందు చక్రాల మధ్య పొడవునా సాగే ఫ్రేమ్ దూలాలను కూడా కిందినుంచి చూడాలి. వీటిలో కొంత భాగం రెండు పొరల రేకు. ఆ పొరల నడుమ ఉప్పునీరు చేరి లోలోపల తినేస్తుంది, పైకి మాత్రం నల్లరంగు నిగనిగలాడుతూ ఉంటుంది. స్క్రూడ్రైవరు పిడితో తట్టితే గట్టి ఇనుము కంగుమంటుంది, చివికినది డొల్లగా మోగుతుంది. ఫ్రేమ్ దూలం చివికిన కారును ఎంత తక్కువకు ఇచ్చినా వదిలేయండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే మేరీల్యాండ్, పెన్సిల్వేనియా కార్ల కంటే కరోలినాల నుంచీ జార్జియా నుంచీ వచ్చిన కార్లు ఈ లెక్కన మేలు, ఆరేడు గంటలు ప్రయాణం చేసి తెచ్చుకున్నా గిట్టుబాటే.

ఆఖరుకు సీసాలోని నీళ్లు. టాపును సగం లేపి, సీటు బెల్టు గూడు వెనుక మూలలో ఉండే రంధ్రంలోకి అటు కొన్ని ఇటు కొన్ని నెమ్మదిగా పోయండి. కొన్ని క్షణాలలో వెనుక చక్రం ముందు నేల మీద ధారగా పడాలి. పడకపోతే గొట్టం మూసుకుంది. అది బాగుచేసుకోదగినదే కానీ, ఎంతకాలంగా మూసుకుని ఉన్నదన్నదే ప్రశ్న, దానికి జవాబు మీరు ఇంతకుముందే అదిమిన కార్పెట్ చెప్పి ఉంటుంది.

యాంత్రికమైన విషయాలు ఇంత భయపెట్టేవి కావు. ఎన్‌ఏ, ఎన్‌బీలలో ఇంజను కవాటాలను వేళకు కదిపే టైమింగ్ బెల్టును 60,000 మైళ్లకు ఒకసారి మార్చాలి, మార్చినట్టు బిల్లు చూపించమనండి, లేకపోతే మార్చలేదనుకుని ఆ మేరకు ధర తగ్గించి అడగండి. ఎన్‌సీ, ఎన్‌డీలలో గొలుసు ఉంటుంది కాబట్టి ఈ బెడద లేదు. 1990, 1991 నాటి తొలి కార్లలో కొన్నింటికి క్రాంక్‌షాఫ్ట్ (ఇంజనులో తిరిగే ప్రధాన ఇరుసు) మూతి పొట్టిగా ఉండి, అక్కడ పుల్లీని పట్టి ఉంచే గాడి అరిగి పుల్లీ ఊగడం తెలిసిన లోపమే. పుల్లీ మధ్య నాలుగు గాళ్లు కనిపిస్తే పొట్టి మూతి, ఎనిమిది కనిపిస్తే తరువాత మార్చినది. పాత కార్ల రేడియేటరుకు పైన ఉండే ప్లాస్టిక్ తొట్టి నల్లగా ఉండాలి, గోధుమరంగుకు తిరిగితే ఏదో ఒక వేసవిలో పగులుతుంది. ఉదయం చల్లని ఇంజనుతో మొదటి గేరు వేసినప్పుడు కరకరమని శబ్దం వచ్చి క్లచ్ పెడల్ మెత్తగా దిగిపోతుంటే, ముందుగా అనుమానించవలసినది గేర్‌బాక్సు పక్కన ఉండి, నూనె ఒత్తిడితో క్లచ్‌ను కదిలించే స్లేవ్ సిలిండర్‌ను. అది చవక భాగం, అరపూట పని. అమ్మేవాడు దాన్ని గేర్‌బాక్సు జబ్బుగా పొరబడి ధర తగ్గించి ఉంటే మీ అదృష్టం. ఎన్‌ఏ ఇంజను చల్లగా ఉన్నప్పుడు టిక్కుటిక్కుమని కొట్టుకుంటే కంగారు పడనక్కరలేదు, నూనె పైకి చేరాక చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

కాగితాలు

పాతికేళ్లు దాటిన కారుకు వర్జీనియాలో పురాతన వాహనాల నంబరు ప్లేటు తీసుకోవచ్చు, ఏటేటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ బాధ తప్పుతుంది. కానీ ఆ ప్లేటు పెట్టుకుని రోజూ ఆఫీసుకు వెళ్లడం నిబంధనలకు విరుద్ధం. ఇన్సూరెన్సు విషయంలో, బాగా నిలిచిన పాత కారైతే ముందుగానే విలువ ఒప్పుకుని రాసుకునే పాలసీ అడగండి, మామూలు పాలసీలో ప్రమాదం జరిగినప్పుడు మీ కారును కూడా ఇరవయ్యేళ్ల పాత కారుగానే లెక్కగడతారు. అటువంటి పాలసీ ఇచ్చేవారు సాధారణంగా రోజువారీ వాడకానికి ఇంకో కారు ఉండాలనీ, దీన్ని గ్యారేజీలో పెట్టాలనీ షరతు పెడతారు.

ఇంకొక మాట, ముఖ్యంగా వీసా మీద ఉన్నవారికి. వర్జీనియాలో పరిమితికి గంటకు 20 మైళ్లు మించి పోయినా, పరిమితి ఏదైనా 85 మైళ్లు దాటినా అది రెక్‌లెస్ డ్రైవింగ్. అది జరిమానా కట్టి మరచిపోయే టికెట్టు కాదు, నేరచరిత్రలో నమోదయ్యే మిస్‌డిమీనర్. ఇమిగ్రేషన్ కాగితాలలో దాని గురించి రాసుకోవలసి వస్తుంది. రాడార్ డిటెక్టర్ పెట్టుకోవడం కూడా ఈ రాష్ట్రంలో నిషిద్ధమే. అదృష్టవశాత్తూ మియాటా 45 మైళ్ల వేగంలో ఇచ్చే ఆనందానికి ఇతర కార్లు 90కి వెళ్లాలి.

టాపు, గొట్టాలు

టాపు మడవడానికి ఒక పద్ధతి ఉన్నది. తడిగా ఉన్నప్పుడు మడవకూడదు, మడిస్తే మడతలలో బూజు పడుతుంది. నీళ్లు గడ్డకట్టే చలిలో మడవకూడదు, గుడ్డ బిగుసుకుని ఉంటుంది, ప్లాస్టిక్ కిటికీ ఉన్న కారైతే కిటికీ పగులుతుంది. ఎన్‌ఏలో టాపు దించే ముందు వెనుక కిటికీ జిప్పు తీసి దాన్ని చదునుగా పరచాలి, లేకపోతే మధ్యలో ముడత పడి ఆ ముడత దగ్గరే మసకబారి ఏడాదిలో చిరుగుతుంది. ఆ ప్లాస్టిక్‌ను అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్‌తో తుడవకూడదు. బ్రష్షులు తిరిగే కార్‌వాష్‌లోకి ఏ తరం కారునూ తీసుకువెళ్లవద్దు. బకెట్టు నీళ్లు, మెత్తటి బ్రష్షు, అరగంట సమయం చాలు.

గొట్టాల సంగతి నాకు అనుభవం మీద తెలిసివచ్చింది. కొన్న రెండో ఏడాది నవంబరులో మా ఇంటి ముందున్న ఓక్ చెట్టు కింద మూడు వారాలు కారు ఆపి ఉంచాను. డిసెంబరులో ఒకరోజు లోపల అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉంటే హీటరు పాడైందనుకున్నాను. పక్క సీటు వెనుక పడిన పెన్ను కోసం చెయ్యి పెట్టినప్పుడు కార్పెట్ కిందినుంచి నీరు ఉబికి నా వేళ్ల సందుల్లోకి వచ్చింది. సీటుకు ఉన్న నాలుగు బోల్టులు విప్పి సీటును బయటపెట్టి, కార్పెట్ లేపి, బెడ్‌షీట్లు మూడు తడిసేదాకా అద్ది, ఫ్యాను పెట్టి మూడు రోజులు ఆరబెట్టాను. గొట్టంలోంచి తీగతో లాగితే వచ్చినది టీ పొడి గట్టిపడినట్టున్న ఒక చిన్న ముద్ద, బొటనవేలి గోరంత కూడా లేదు. అంతకు ముందు అరనిమిషం వెచ్చించి ఉంటే ఆ మూడు రోజులూ మిగిలేవి.

అప్పటినుంచి ఏడాదికి రెండుసార్లు, చిగుళ్లు వేసి పుప్పొడి రాలే ఏప్రిల్‌లో ఒకసారి, ఆకు రాలే నవంబరు చివర ఒకసారి, ఇలా చేస్తున్నాను. టాపు సగం లేపి మూలల్లో పేరుకున్న చెత్తను వేళ్లతో ఏరివేస్తాను. గడ్డి కోసే ట్రిమ్మరులో వాడే నైలాన్ తీగను రెండడుగులు కత్తిరించి, దాని కొసను అగ్గిపుల్లతో కాల్చి గుండ్రం చేసి, గొట్టంలోకి తిప్పుతూ దింపుతాను. ఇనుప తీగ వాడితే గొట్టానికి చిల్లు పడుతుంది. కంప్రెసర్ గాలి పెట్టమని కొందరు చెబుతారు, పెట్టకండి, కింద గొట్టం దాని బిగింపునుంచి ఊడిపోతే నీరు నేరుగా రేకు లోపలికే వెళుతుంది, అప్పుడు మూసుకున్న గొట్టమే నయమనిపిస్తుంది. ఆఖరున ఒక గ్లాసు నీళ్లు పోసి కింద ధార చూసుకుంటాను. తరువాతి తరాల కార్లలో గొట్టం నోట్లో చిన్న జల్లెడ ఉంటుంది, దాన్ని బయటికి తీసి కడగాలి. చెట్టు కింద కారు ఆపేవారు ఏడాదికి రెండుసార్లతో సరిపెట్టుకోకూడదు.

దొంగల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గుడ్డ టాపును కోయడానికి చిన్న చాకు చాలు, కొత్త టాపు వేయించడానికి అయ్యే ఖర్చు లోపల దొంగకు దొరికే వస్తువు విలువకంటే ఎప్పుడూ ఎక్కువే. ల్యాప్‌టాప్ సంచీని సీటులో వదలకుండా డిక్కీలో పెట్టండి, అదీ గమ్యం చేరాక అందరూ చూస్తుండగా కాకుండా ఇంటి దగ్గరే పెట్టండి. ఎన్‌డీలో డాష్‌బోర్డుకు గ్లవ్ బాక్సు ఉండదు, రెండు సీట్ల వీపుల మధ్య తాళం పడే చిన్న అర ఉంటుంది, కాగితాలకు అది చాలు.

జాకీ, టైర్లు

ఒకసారి టైర్లు మార్పించడానికి ఒక దుకాణంలో కారు ఇస్తే, అక్కడి కుర్రవాడు లిఫ్టు చేతులను ఎక్కడ దొరికితే అక్కడ ఆనించి లేపాడు. ఫ్రేమ్ పట్టాలు కాగితం పడవల్లా లోపలికి నొక్కుకుపోయాయి, ఆ నొక్కుల దగ్గర రంగు లేచిపోయింది, మరుసటి చలికాలానికి అక్కడ తుప్పు కనిపించింది. తేలిక కారు అంటే పల్చటి రేకే. అప్పటినుంచి నేను పక్కనే నిలబడి, తలుపు కింద రేకు అంచున రెండు గాట్ల నడుమ ఉన్న చోటును వేలితో చూపిస్తాను. ఇంట్లో జాకీ పెట్టేటప్పుడు ముందువైపు మధ్యలో ఉండే క్రాస్‌మెంబరు (అడ్డదూలం) కింద, వెనుకవైపు డిఫరెన్షియల్ (వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) కింద పెట్టి, స్టాండ్లు అమర్చాకే కిందికి దూరాలి. గేర్‌బాక్సునూ డిఫరెన్షియల్‌నూ కలుపుతూ పొడవునా ఉండే అల్యూమినియం దూలం జాకీ పెట్టడానికి అనువుగా కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోవద్దు.

టైర్లలో గాలి విషయంలో దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటి ఉన్నది. మామూలు సెడాన్‌కు కొట్టినట్టు 35 కొట్టించేస్తారు. ఎన్‌ఏకు కంపెనీ చెప్పినది 26 పీఎస్ఐ, ఎన్‌డీకి 29. సరైన అంకె డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. ఎక్కువైతే తేలిక కారు రోడ్డు మీద బంతిలా ఎగురుతుంది, తడిలో పట్టు తప్పుతుంది. అంతకంటే ముఖ్యమైనది టైరు వయసు. ఇటువంటి కార్లు తక్కువ తిరుగుతాయి, టైరు గాళ్లు కొత్తగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం గట్టిపడిపోతుంది. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరుస చివర ఉండే నాలుగంకెలలో మొదటి రెండు వారాన్నీ, తరువాతి రెండు సంవత్సరాన్నీ చెబుతాయి. ఆరేళ్లు దాటితే గాళ్లు ఎంత లోతుగా ఉన్నా మార్చేయండి. వేసవి టైర్లు ఉంటే ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కంటే దిగినప్పుడు అవి పట్టు కోల్పోతాయి, వర్జీనియాలో అంటే నవంబరు ఉదయాలన్నమాట. ఎన్‌సీ, ఎన్‌డీలలో స్టెప్నీ ఉండదు, పంక్చరు మందూ చిన్న పంపూ మాత్రమే ఇస్తారు. టైరు పక్క చీలితే ఆ మందు పనిచేయదు కనుక టోయింగ్ సదుపాయం ఉన్న సభ్యత్వం ఒకటి ఉంచుకోవడం మంచిది.

నడపడం

కూర్చోవడంతో మొదలుపెట్టాలి. క్లచ్‌ను పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండాలి, భుజాలు సీటును వదలకుండా మణికట్టు స్టీరింగు పైఅంచును తాకాలి. పెడళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి వెడల్పాటి బూట్లూ, జారే చెప్పులూ పనికిరావు. పలుచటి అడుగున్న బూట్లతో నడిపితే బ్రేకు ఎంత నొక్కుతున్నామో కాలికి తెలుస్తుంది. గేరు కడ్డీ ప్రయాణం చాలా తక్కువ, మణికట్టు తిప్పితే చాలు, పిడికిలి బిగించి తోయవలసిన పనిలేదు. ఇంజను బలమంతా వేగంగా తిరిగేటప్పుడే వస్తుంది కనుక నిమిషానికి 3,000 చుట్ల దగ్గరే గేరు మార్చే సెడాన్ అలవాటును మానుకోవాలి, అయితే ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు వచ్చేవరకు మాత్రం ఇంజనును అరిపించకూడదు.

మలుపులో నేర్చుకోవలసినది ఒకే ఒక్క విషయం, కానీ అది నరాల్లోకి ఇంకాలి. బ్రేకు వేయవలసినదంతా మలుపుకు ముందు నిటారుగా ఉన్నప్పుడే వేసి, సరైన గేరులోకి వచ్చి, మలుపులో యాక్సిలరేటరును సన్నగా పట్టి ఉంచాలి. వేగం ఎక్కువైందని భయపడి మలుపు మధ్యలో కాలు ఒక్కసారిగా తీస్తే కారు బరువు ముందుకు దూకుతుంది, వెనుక చక్రాల మీద బరువు తగ్గి వెనుక భాగం పక్కకు జారుతుంది. ముందు చక్రాలతో నడిచే క్యామ్రీలో, అకార్డ్‌లో కాలు తీయడం ప్రాణాలు కాపాడే అలవాటు, ముందు వెనుక చక్రాల మధ్య దూరం తక్కువగా ఉన్న ఈ కారులో తడిరోడ్డు మీద అదే అలవాటు కారును తిప్పేస్తుంది. పొడి రోడ్డు మీద మీకు ఇది ఎప్పుడూ ఎదురుకాకపోవచ్చు. వేసవిలో చాలారోజుల తరువాత పడే మొదటి చినుకులకు రోడ్డు మీది నూనె పైకి తేలినప్పుడు, హైవే దిగే గుండ్రటి ర్యాంపు మీద ఎదురవుతుంది. జారడం మొదలైతే చూపును గోడ మీద కాక వెళ్లవలసిన దారి మీద ఉంచి, స్టీరింగును వెనుక భాగం జారుతున్న వైపుకే తిప్పి, అది సర్దుకోగానే వెంటనే నిటారుగా తెచ్చుకోవాలి. ఇది చదివితే వచ్చే విద్య కాదు. శంకువులు పెట్టి ఖాళీ పార్కింగ్ స్థలంలో జరిపే ఆటోక్రాస్‌లో ఒక ఆదివారం గడిపితే, 40 మైళ్ల వేగంలో, ఎవరికీ ప్రమాదం లేకుండా, పదేళ్ల అనుభవం వస్తుంది. సమ్మిట్ పాయింట్ వంటి రేస్ ట్రాకుల మీదికి వెళితే మామూలు ఇన్సూరెన్సు సాధారణంగా వర్తించదని గుర్తుంచుకోండి.

హైవే మీద మీ తల పక్క లేన్ ట్రక్కు చక్రం మధ్యభాగంతో సమానంగా ఉంటుంది. ఆ డ్రైవరు మిమ్మల్ని చూడలేడనే లెక్కతోనే నడపాలి, ట్రక్కు పక్కన ఉండిపోకుండా ముందుకైనా పోవాలి, వెనుకకైనా తగ్గాలి. 60 మైళ్లు దాటిన వేగంలో టాపు దించి గంటలకొద్దీ వెళ్లడం సరదాగా ఉండదు, చెవులు గింగురుమంటాయి. మధ్యాహ్నపు ఎండలో కంటే చల్లని ఉదయం, పక్క అద్దాలు లేపి, కాళ్ల మీదికి హీటరు పెట్టుకుని వెళ్లడమే అసలు భోగం. మా ఆవిడ మొదటిసారి చీర కట్టుకుని ఎక్కినప్పుడు పైట రెపరెపలాడి గేరు కడ్డీకి చుట్టుకుంది. సీటు బెల్టు కింద పైటను దోపుకుని, బెల్టు పెట్టుకున్నాకే టాపు దించాలనే నియమం అప్పుడు పుట్టింది. ఎన్‌డీ డిక్కీ 130 లీటర్లు, నా ఎన్‌బీ డిక్కీ కూడా ఇంచుమించు అంతే; 20 పౌండ్ల సోనామసూరి బస్తా, కూరగాయల సంచీ, కొబ్బరికాయలు పడతాయి, పెద్ద సూట్‌కేసు పట్టదు. వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటును పనిచేసే ఎయిర్‌బ్యాగు ఎదుట ఎన్నడూ అమర్చకూడదు, కనుక పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఇది ఏకైక కారుగా ఉండడానికి వీలులేదు.

షెనెండోవా కొండల మీది స్కైలైన్ డ్రైవ్ మా వైపు వారికి ఈ కారును అర్థం చేసుకోవడానికి తగిన బడి. ఫ్రంట్ రాయల్ దగ్గర మొదలై 105 మైళ్లు సాగే ఆ దారిలో పరిమితి గంటకు 35 మైళ్లు, దారి పొడవునా ఆగి చూడదగిన చోట్లు సుమారు 70. ఉదయం ఏడుకు ముందు గేటు దాటితే దారి ఖాళీగా ఉంటుంది, జింకలు మాత్రం ఉంటాయి. ఒకటి దాటిందంటే వెనుక ఇంకొకటి ఉంటుందనుకుని వేగం తగ్గించండి. 32వ మైలు దగ్గర మేరీస్ రాక్ అనే కొండను తొలిచిన సొరంగం వస్తుంది. బయట ఎంత ఎండగా ఉన్నా దాని కప్పునుంచి నీటిచుక్కలు రాలుతూనే ఉంటాయి, చలికాలంలో అవే మంచు సూదులై వేలాడతాయి. లోపలికి వెళ్లేలోగా డాష్‌బోర్డు మీద ఫోను ఉంటే తీసి పెట్టండి. సొరంగం దాటాక కనిపించే మొదటి ఆగే చోట బండి నిలిపి, సీట్ల మీద పడిన చుక్కలను పొడిగుడ్డతో తుడిచి, మడిచిన టాపు మీద తడి ఉంటే అదీ అద్ది, ఇల్లు చేరాక గ్యారేజీలో టాపు మూసి ఆరబెట్టండి.